ఫిగర్ స్కేటింగ్‌లో అమ్మాయిని సింగిల్స్ నుంచి పెయిర్స్‌కి మార్చాలా? 12 ఏళ్ళు పెయిర్స్ చేసినవాడి మాట

మీరడిగింది ఇది: అమ్మాయికి 14, స్కేటింగ్‌లో ట్రిపుల్ టో లూప్, ట్రిపుల్ సాల్కావ్ (గాల్లో మూడు చుట్లు తిరిగే జంపులు) వచ్చాయి, మిగతా ట్రిపుల్స్ రెండేళ్ళుగా మొరాయిస్తున్నాయి, మనిషి చిన్నగా ఉంటుంది, భయం తక్కువ, అందుకని కోచ్ పెయిర్స్‌కి, అంటే ఒక అబ్బాయితో జోడీ కట్టి చేసే స్కేటింగ్‌కి, మార్చమంటున్నారు, మారిస్తే కెరీర్ ఎన్నాళ్ళుంటుంది, డబ్బులేమైనా వస్తాయా, ప్రాణాల మీదకి వస్తుందా అని. నేను 17 ఏళ్ళ దాకా సింగిల్స్ చేసి, ట్రిపుల్ యాక్సెల్ (మూడున్నర చుట్ల జంప్) ఈ జన్మకి రాదని ఒప్పేసుకున్నాక పెయిర్స్‌కి వచ్చినవాణ్ణి. 12 ఏళ్ళు చేశా. ఒలింపిక్స్ దాకా వెళ్ళలేదు, వరల్డ్స్‌కి (ప్రపంచ ఛాంపియన్‌షిప్) రెండుసార్లు వెళ్ళా, అందులో ఒకసారి షార్ట్ ప్రోగ్రామ్, అంటే మొదటి చిన్న రౌండ్, దాటలేదు. ఇప్పుడు పిల్లలకి పెయిర్స్ నేర్పిస్తున్నా. పతకాలు గెలిచినవాళ్ళు వేరేగా చెప్తారేమో, నాది మధ్య మెట్ల మీద నిలబడ్డవాడి లెక్క.

సింగిల్స్‌లో మీ అమ్మాయి ఒళ్ళు, మనసు ఎంతకాలం సహకరిస్తే అంతకాలం కెరీర్. పెయిర్స్‌లో ఇంకో ఒళ్ళు, ఇంకో మనసు, ఇంకో ఇంటి బ్యాంకు ఖాతా వచ్చి కలుస్తాయి. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి కుంటితే రెండోది ఎంత బలమైనదైనా బండి కదలదు కదా, అచ్చం అంతే. అందుకే మాలో మేము కలిసినప్పుడు ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నావ్ అని పెద్దగా అడగం, ఈ పార్ట్‌నర్‌తో ఎన్నేళ్ళు అని అడుగుతాం. నా 12 ఏళ్ళు విడగొడితే మొదటి పార్ట్‌నర్‌తో 2, రెండో ఆమెతో 6, మూడో ఆమెతో 3, మిగిలిన ఒక ఏడాది పార్ట్‌నర్ లేకుండా పొద్దున్నే రింక్‌కి వెళ్ళి ఒక్కణ్ణే గుండ్రంగా తిరగడం. ఫిట్‌నెస్ పరంగా నా మొత్తం కెరీర్‌లో బెస్ట్ ఇయర్ అదే, ఏం లాభం, ఒక్క పోటీ కూడా లేదు.

వయసు సంగతి మాత్రం మీకు మంచి వార్తే. సింగిల్స్‌లో అమ్మాయిలకి 20 దాటితే ముసలైపోయినట్టు మాట్లాడతారు, పెయిర్స్‌లో అప్పుడే మొదలవుతుంది అసలు కథ. చైనా జోడీ షెన్ శ్యూ, ఝావో హాంగ్‌బో 1992లో జత కట్టారు, 2002లో, 2006లో ఒలింపిక్ కాంస్యాలు, ఆ రెండోదానికి ముందు 2005 ఆగస్టులో ఆయనకి అకిలిస్ టెండన్ (మడమ వెనకుండే స్నాయువు) తెగింది, అయినా ఆడారు, 2007లో వరల్డ్ టైటిల్ గెలిచి ఆపేశారు, మళ్ళీ తిరిగొచ్చి 2010 వాంకూవర్‌లో స్వర్ణం కొట్టేటప్పటికి ఆవిడకి 31, ఆయనకి 36. అంటే 18 ఏళ్ళ జోడీ. 1964 నుంచి 2006 దాకా ప్రతి ఒలింపిక్ పెయిర్స్ స్వర్ణం సోవియట్, ఆ తర్వాత రష్యా వాళ్ళదే (2002లో జడ్జింగ్ గొడవయ్యి కెనడా జోడీకి కూడా ఇంకో స్వర్ణం ఇచ్చారనుకోండి), ఆ గొలుసు తెంచింది వీళ్ళే. జర్మనీ తరఫున అల్యోనా సావ్‌చెంకో 34 ఏళ్ళకి 2018లో, తన అయిదో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది. అన్నిటికంటే విడ్డూరం డియానా స్టెలాటో డూడెక్ ది. 2000లో సింగిల్స్‌లో వరల్డ్ జూనియర్ రజతం, తర్వాతి ఏడాదే తుంటి గాయాలతో మానేసింది, 2016లో మళ్ళీ బూట్లు కట్టింది, 2024లో మాంట్రియల్‌లో మాక్సిమ్ డెషాంతో కలిసి వరల్డ్ ఛాంపియన్ అయ్యేటప్పటికి ఆవిడకి 40. అలా అందరికీ అవుతుందని కాదు నేననేది, 14కే టైమ్ అయిపోయిందన్న కంగారు వద్దంటున్నా. జూనియర్స్‌కి జూలై 1 నాటికి 13 నిండాలి, సీనియర్స్‌కి ఇప్పుడు 17 నిండాలి. అంటే మీకు జూనియర్స్‌లో మూడు సీజన్ల దాకా చేతిలో ఉన్నాయి, నేర్చుకోడానికి అవి చాలా విలువైన సీజన్లు.

ఇక అసలు కష్టం: అబ్బాయి దొరకడం. స్కేటింగ్‌లో అమ్మాయిలెక్కువ, అబ్బాయిలు తక్కువ, అందులో లిఫ్ట్ చెయ్యగల భుజాలు, ఓపిక ఉన్నవాళ్ళు ఇంకా తక్కువ. ఈ ఒక్క కారణంగా పెయిర్స్‌లో బేరం ఎప్పుడూ అబ్బాయి వైపే మొగ్గుతుంది, కొన్ని చోట్ల అబ్బాయి కోచింగ్ ఫీజు, ఐస్ టైమ్ ఖర్చు కూడా అమ్మాయి ఇంటివాళ్ళే పెట్టుకుంటారు. నాకూ రెండేళ్ళు అలాగే నడిచింది, సిగ్గు లేకుండా చెప్తున్నా. మీ దాకా ఆ మాట వస్తే ఎంత, ఎన్నాళ్ళు, విడిపోతే కాస్ట్యూమ్‌లు, కొరియోగ్రఫీ ఖర్చు ఎవరిది అన్నది మొదటి రోజే కాగితం మీద రాసుకోండి. మొహమాటానికి పోతే తర్వాత రెండిళ్ళ మధ్య మాటలుండవు, పిల్లలు మాత్రం రోజూ చేతులు పట్టుకుని స్కేట్ చెయ్యాలి.

ట్రైఅవుట్ అంటే ఒక రకంగా పెళ్ళిచూపులే. కోచ్‌లు ఫోన్లలో మాట్లాడుకుంటారు, ఆన్‌లైన్‌లో పార్ట్‌నర్ సెర్చ్ సైట్లు కూడా ఉన్నాయి, అందులో ఎత్తు, బరువు, పుట్టిన తేదీ, వచ్చిన జంపులు, వేరే ఊరికి మారతారా అన్నీ ఉంటాయి, జాతకం తప్ప. తల్లిదండ్రులు అక్కడ చేసే పొరపాటు ఏంటంటే లిఫ్ట్ ఎంత పైకి లేచింది, త్రో (అబ్బాయి విసిరితే అమ్మాయి చేసే జంప్) ఎంత దూరం పోయిందని చూస్తారు. నేను చూసేది మొదటి పది నిమిషాలే. ఇద్దరినీ చేతులు పట్టుకుని మామూలు క్రాసోవర్లు (ఒక కాలి మీదుగా ఇంకో కాలు దాటేస్తూ వంపు తిరగడం) చెయ్యమంటా, రెండు వైపులా. మోకాలు ఒకేలా వంగుతోందా, ఒక్కో తోపుకి ఇద్దరూ ఒకే దూరం పోతున్నారా, అమ్మాయి వెనకబడినప్పుడు అబ్బాయి చెయ్యి లాగుతున్నాడా లేక తన స్పీడ్ తగ్గించుకుంటున్నాడా. లాగేవాడు ఎప్పటికీ లాగుతూనే ఉంటాడు. తర్వాత పక్కపక్కన స్పిన్. అందులో ఎవరో ఒకరు గట్టిగా "చేంజ్" అని అరవాలి, రెండోవాళ్ళు దానికి పొజిషన్ మార్చాలి, ఎవరు అరుస్తున్నారు, రెండోవాళ్ళు వింటున్నారా అన్నది చూస్తే ఆ జోడీ రేపు ఎలా పోట్లాడుకుంటుందో కూడా తెలిసిపోద్ది. నా రెండో పార్ట్‌నర్‌తో ట్రైఅవుట్‌లో అసలు లిఫ్టే చెయ్యలేదు, నలభై నిమిషాలు స్ట్రోకింగ్, అంటే ఉత్తినే ఐస్‌ని తోసుకుంటూ తిరగడం, చేశాం, దిగేటప్పుడు ఆమె "నీ ఎడమ తోపు చిన్నది, నాదీ అంతే, ఇద్దరం ఒకేసారి సరిచేసుకుందాం" అంది. ఆరేళ్ళు నడిచింది.

లిఫ్ట్ గురించి బయటివాళ్ళకి ఉన్న అపోహ ఒకటుంది, అబ్బాయి బలంతో అమ్మాయిని ఎత్తేస్తాడని. పూర్తిగా తప్పు. గ్రూప్ 5 లిఫ్ట్ అంటే చేతిలో చెయ్యి పెట్టి, లాసో అంటాం, అమ్మాయి నా చుట్టూ తిరుగుతూ పైకి వస్తుంది. అక్కడ నేను నా మోకాళ్ళు వంచి లేచే క్షణం, తను తన కాలితో తోసుకునే క్షణం ఒకటే అవ్వాలి. అయితే ఈక బరువు. కాలేదా, ఎంత జిమ్ బాడీ అయినా మోచెయ్యి మడత పడిపోద్ది. పైకి చేరాక తను మోచేతులు బిగించి నా అరచేతుల్ని కిందకి నొక్కుతూ ఉండాలి, నడుము దగ్గర ఒక్క సెకను వదులైనా ఆ వణుకు నా మణికట్టులోకి దిగుతుంది, నేను కింద బ్లేడ్ మీద మూడున్నర చుట్ల లోపు తిరిగి దించెయ్యాలి, రూల్ అంతే. ఆ టైమ్‌లో పైన తను కనపడదు నాకు. అరచేతుల్లోంచే తెలియాలి అంతా. అందుకని కొత్త జోడీలకి మొదట నేల మీద, చాప మీద, మామూలు బూట్లతో వందలసార్లు చేయిస్తాం, బోర్ కొట్టి ఏడుస్తారు పిల్లలు, అయినా తప్పదు. లెవెల్ 4 (కష్టంలో పై మెట్టు) దాకా వెళ్తే ఈ ఒక్క లిఫ్ట్‌కే బేస్ వాల్యూ, అంటే జడ్జీల మార్కులు కలపకముందు ఉండే పాయింట్లు, 7 దగ్గరుంటుంది, పక్కపక్కన చేసే ట్రిపుల్ టో లూప్‌కి 4.2 మాత్రమే, అందుకే మీ అమ్మాయికి ఫ్లిప్, లుట్జ్ లాంటి ఇంకా కష్టమైన ట్రిపుల్స్ రాకపోయినా పెయిర్స్‌లో కొంపేం మునగదని కోచ్ అన్నారు కదా, అది నిజమే. టాప్ జోడీల్లో కూడా చాలామంది సోలో జంపులు టో లూప్, సాల్కావ్ తోనే నెట్టుకొస్తారు.

ట్విస్ట్ మాత్రం వేరే జంతువు. అబ్బాయి అమ్మాయిని పైకి విసురుతాడు, ఆమె గాల్లో అడ్డంగా తిరుగుతుంది, దిగేలోపు నడుము దగ్గర పట్టుకోవాలి. ఆమె మోచేతులు తెరిచే టైమ్, నా మొహం అక్కడుండే టైమ్ ఒకటే. నా ముక్కు రెండుసార్లు విరిగింది, రెండూ ట్విస్ట్‌లోనే, రెండోసారి ఆమె క్షమించమని ఏడుస్తుంటే నేను రక్తం తుడుచుకుంటూ పట్టుకున్నానా లేదా అని అడుగుతున్నా, పట్టుకున్నా.

పడటం గురించి దాచను. పెయిర్స్ ప్రమాదకరమే. అబ్బాయిలకి నేర్పే మొదటి సూత్రం ఒకటే, బ్యాలెన్స్ పోతే నువ్వు కింద ఉండు, ఆమె నీ మీద పడాలి, ఐస్ మీద కాదు. నాకు ఒకసారి బ్లేడ్ గాడిలో ఇరుక్కుని ప్రెస్ లిఫ్ట్‌లో ముందుకి తూలా, ఎలాగో తిరిగి వెనక్కి పడ్డా, ఆమె నా ఛాతీ మీద పడింది, నాకు పక్కటెముక చిట్లింది, ఆమెకి మోచెయ్యి గీసుకుపోయింది అంతే. కానీ అందరి అదృష్టం ఒకలా ఉండదు. 2004 అక్టోబర్‌లో స్కేట్ అమెరికా పోటీలో రష్యా జోడీలో మాక్సిమ్ మారినిన్ లిఫ్ట్‌లో తూలితే టాట్యానా టోట్‌మియానినా తల ఐస్‌కి కొట్టుకుంది, కంకషన్ (మెదడు అదరడం). ఆవిడ త్వరగానే తిరిగొచ్చింది, 2006 ట్యూరిన్‌లో ఇద్దరూ స్వర్ణం గెలిచారు. రష్యా స్కేటర్ ఎలెనా బెరెజ్నయాది ఇంకా ఘోరం, 1996 జనవరిలో ప్రాక్టీస్‌లో పక్కపక్కన కామెల్ స్పిన్ (ఒక కాలు వెనక్కి చాచి తిరిగేది) చేస్తుంటే అప్పటి పార్ట్‌నర్ బ్లేడ్ ఆమె తలలోకి దిగింది, మెదడుకి సర్జరీ, మాట పోయింది, మళ్ళీ నేర్చుకుంది. తర్వాత కొత్త పార్ట్‌నర్ ఆంటన్ సిఖరూలిద్జేతో 1998లో రజతం, 2002లో స్వర్ణం. గమనించండి, ఆ దెబ్బ తగిలింది లిఫ్ట్‌లో కాదు, చూడ్డానికి అమాయకంగా ఉండే స్పిన్‌లో, ఇద్దరి మధ్య దూరం తగ్గినందుకు. నేను ఇప్పటికీ నా పిల్లల స్పిన్‌ల మీద అరిచినంత లిఫ్ట్‌ల మీద అరవను.

రోజువారీ గాయాలు వీటికంటే చిన్నవి, కానీ కెరీర్లని తినేసేవి అవే. త్రో జంప్‌లో అమ్మాయి మామూలు జంప్ కంటే ఎత్తులోంచి, ఎక్కువ స్పీడ్‌లో ఒంటికాలి మీద దిగుతుంది, ఆ తాకిడి చీలమండ, మోకాలు, తుంటి మీద పడుతుంది. చైనా స్కేటర్ సుయ్ వెన్‌జింగ్‌కి 2016లో రెండు పాదాలకీ సర్జరీ అయ్యింది, మళ్ళీ నడక నుంచి మొదలెట్టి తర్వాతి ఏడాదే హాన్ కాంగ్‌తో వరల్డ్ ఛాంపియన్ అయ్యింది. అబ్బాయిలకి భుజం, నడుము. నా కుడి భుజం వాన పడేముందు చెప్తుంది ఇప్పటికీ. త్రోలు వారానికి ఎన్ని చేయిస్తున్నారో లెక్క రాసే కోచ్ అయితే మంచి కోచ్, "వచ్చేదాకా చెయ్యి" అనే కోచ్ అయితే అనుమానించండి.

బరువు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా, మీరు అడగలేదు కానీ అడగాల్సింది. 14 నుంచి 16 మధ్య అమ్మాయి ఎత్తు పెరుగుతుంది, ఒళ్ళు మారుతుంది, లిఫ్ట్ టైమింగ్ అంతా కదిలిపోతుంది. అప్పుడు తెలివైన జోడీ ఆరు నెలలు పాత ఎలిమెంట్లు (లిఫ్ట్‌లు, త్రోలు, స్పిన్‌లు) మళ్ళీ కట్టుకుంటుంది, తెలివితక్కువ కోచ్ అమ్మాయి అన్నం మానిపిస్తాడు. నేను పనిచేసిన ఒకచోట ప్రతి సోమవారం అందరి ముందు అమ్మాయిల్ని తూచేవాళ్ళు, అంకె గట్టిగా చదివేవాళ్ళు, నా మొదటి పార్ట్‌నర్ ఆదివారం మొత్తం ఏమీ తినేది కాదు, సోమవారం త్రోలో కాళ్ళు వణికేవి, అలా రెండేళ్ళకే స్కేటింగ్ మానేసింది. నేను నోరు మూసుకుని ఉన్నా అప్పుడు. 19 ఏళ్ళోణ్ణి, ఎదురు చెప్తే పార్ట్‌నర్ దొరకదేమోనని భయం. మీకు ఎక్కడైనా అందరి ముందు తూచడం కనపడితే ఆ రోజే బ్యాగ్ సర్దేయండి.

డబ్బులు. సూటిగా చెప్తే, చాలామందికి వచ్చేదానికంటే పోయేదే ఎక్కువ. ఐస్ టైమ్, కోచ్ ఫీజు, లిఫ్ట్ కోచ్ విడిగా, కొరియోగ్రాఫర్, ఏటా రెండు ప్రోగ్రామ్‌లు, వాటికి కాస్ట్యూమ్‌లు, బూట్లు, బ్లేడ్‌లు, ఫిజియో, ప్రయాణాలు. ప్రైజ్ మనీ పెద్ద పోటీల్లోనే ఉంటుంది, అదీ పై స్థానాలకే, వచ్చింది ఇద్దరూ పంచుకోవాలి, అందులోంచి కోచ్ వాటా, పన్ను. ఫెడరేషన్ సాయం నేషనల్ టీమ్‌లోకి వచ్చాక మొదలవుతుంది, ఎంతన్నది దేశాన్ని బట్టి. నేను పొద్దున ప్రాక్టీస్, మధ్యాహ్నం పిల్లలకి బేసిక్స్ నేర్పడం, సాయంత్రం రింక్ కౌంటర్‌లో అద్దె బూట్లు ఇవ్వడం, ఇలా నెట్టుకొచ్చా. అద్దె బూట్ల వాసన అలవాటైతే జీవితంలో ఏదైనా తట్టుకుంటారు.

పోటీల్లోకి అడుగుపెట్టడం కూడా అంత తేలిక కాదు. ఒక దేశం నుంచి వరల్డ్స్‌కి మహా అయితే మూడు జోడీలు, అదీ ముందటేడు ఆ దేశం జోడీలకి వచ్చిన స్థానాల్ని బట్టి. ఒక్క జోడీయే వెళ్తే వాళ్ళు మొదటి పదిలో ఉంటేనే వచ్చే ఏడాదికి రెండు చోట్లు. చిన్న దేశం అయితే పోటీ తక్కువ, స్థానం దొరుకుతుంది కానీ సాయం ఉండదు, పెద్ద దేశంలో సాయం ఉంటుంది, నాలుగో స్థానంలో ఉంటే ఇంట్లో కూర్చుని టీవీ చూడ్డమే. నేను మూడేళ్ళు నాలుగో స్థానంలో ఉన్నా.

పార్ట్‌నర్ వేరే దేశం అయితే ఇంకో మెలిక. మామూలు ఐఎస్‌యూ (అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం) పోటీల్లో ఇద్దరిలో ఒకరు ఆ దేశం వాళ్ళైతే సరిపోతుంది, డియానా అమెరికన్ పౌరురాలిగా ఉంటూనే కెనడాకి ఆడి వరల్డ్స్ గెలిచింది. ఒలింపిక్స్‌కి మాత్రం ఇద్దరికీ ఆ దేశ పౌరసత్వం ఉండాలి. సావ్‌చెంకో పార్ట్‌నర్ బ్రూనో మాసో ఫ్రెంచ్ అతను, ముందు ఫ్రాన్స్ ఫెడరేషన్ వదలాలి, దానికే చాలా కాలం పట్టింది, ఆ తర్వాత జర్మన్ భాష పరీక్ష, పౌరసత్వం 2017 నవంబర్‌లో గానీ రాలేదు, ఒలింపిక్స్ 2018 ఫిబ్రవరిలో. అక్కడికెళ్ళాక షార్ట్‌లో అతను ట్రిపుల్ సాల్కావ్‌ని డబుల్ చేసేశాడు, నాలుగో స్థానం. ఫ్రీలో, అంటే రెండో పెద్ద రౌండ్‌లో, 159.31, అప్పటికి వరల్డ్ రికార్డ్, చివరికి సుయ్, హాన్ జోడీ కంటే 0.43 ఎక్కువతో స్వర్ణం. ఆ వీడియోలో స్కోర్ వచ్చే ముందు వాళ్ళిద్దరి మొహాలు చూడండి, ఎన్ని ఫైళ్ళు, ఎన్ని సంతకాలు, ఎన్ని నెలల ఎదురుచూపు ఆ 0.43 వెనకాల ఉన్నాయో తెలుస్తుంది. ఓడిన సుయ్, హాన్ జోడీ 2022లో బీజింగ్‌లో 0.63 తేడాతో గెలిచింది, అది వేరే సంగతి.

విడిపోవడం గురించి అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి, తప్పు ఆమెది అనుకోకుండా. అవతలివాళ్ళకి గాయం, కాలేజీ, డబ్బు, విసుగు, ప్రేమ, ఏదైనా కారణం కావచ్చు. నా ఆరేళ్ళ పార్ట్‌నర్ ఒక మంగళవారం ప్రాక్టీస్ అయ్యాక లేసులు విప్పుతూ "నాకింక త్రోలు భయమేస్తున్నాయి" అంది. అంతే. పోట్లాట లేదు. నేను బతిమాలలేదు కూడా, భయపడుతున్న మనిషిని గాల్లోకి విసరకూడదు. అలా తెగిన చోటే మంచి జోడీలు పుడతాయి కూడా, అమెరికా స్కేటర్ అలెక్సా నీరిమ్ భర్తతోనే స్కేట్ చేసేది, 2020లో ఆయన రిటైరైతే బ్రాండన్ ఫ్రేజియర్‌తో కలిసింది, 2022లో ఇద్దరూ వరల్డ్ ఛాంపియన్లు.

అయిపోయాక ఏంటంటే, ఐస్ షోలు, క్రూజ్ షిప్ షోలు ఉన్నాయి, పెయిర్ లిఫ్ట్‌లు వచ్చినవాళ్ళకి అక్కడ గిరాకీ బాగానే ఉంటుంది. తర్వాత కోచింగ్, కొరియోగ్రఫీ, టెక్నికల్ స్పెషలిస్ట్ అంటే స్క్రీన్ ముందు కూర్చుని లెవెల్స్ పిలిచే పని. పెయిర్స్ నేర్పేవాళ్ళు తక్కువ కాబట్టి నాకు పనికి లోటు లేదు. చదువు మాత్రం ఆపించకండి, నేను ఆపేసి 30 ఏళ్ళకి మళ్ళీ పరీక్షలు రాశా, పక్క బెంచీవాడు సార్ అని పిలిచేవాడు.

మీ స్థానంలో నేనుంటే సింగిల్స్ వెంటనే మాన్పించను. ఒక ఏడాది రెండూ చేయించండి, ఆ సోలో జంపులు ఎలాగూ పనికొస్తాయి. ట్రైఅవుట్‌కి వెళ్ళినప్పుడు అబ్బాయి కోచ్‌ని మూడు అడగండి: ఇంతకుముందు పార్ట్‌నర్ ఎందుకు ఆపేసింది, త్రోలు రోజుకి ఎన్ని, ఐస్ మీద లిఫ్ట్ మొదలెట్టే ముందు నేల మీద ఎన్ని నెలలు. మొదటిదానికి జవాబు దాటేస్తే ఆ పాత పార్ట్‌నర్ వాళ్ళమ్మ నంబర్ కనుక్కుని ఫోన్ చెయ్యండి, తల్లులు నిజం చెప్తారు. ఇంటికొచ్చేటప్పుడు కారులో అమ్మాయిని లిఫ్ట్ ఎలా ఉంది అని అడక్కండి, ఆ అబ్బాయి చెయ్యి పట్టుకుంటే ఎలా అనిపించింది, వదిలేస్తాడేమో అనిపించిందా అని అడగండి.